వెలాస్కెజ్ బొమ్మను కాపీ చేస్తూ ఆయిల్ పోర్ట్రెయిట్ నేర్చుకోవడం

ఆయిల్ పోర్ట్రెయిట్ మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఫోన్‌లో ఉన్న ఫోటో చూసి నేరుగా మొహం వేయడానికి కూర్చుంటారు. ఫోటోలో నీడ ఎంత నల్లగా ఉండాలో, ఏ అంచు తేలాలో కెమెరానే తేల్చేసి ఉంటుంది. ఏది వదిలేయాలో అది చెప్పదు. పాత మాస్టర్ బొమ్మలో అలా కాదు. ఏది చూపాలి, ఏది దాచాలి, ఎక్కడ రంగు దట్టంగా పెట్టాలి, ఎక్కడ ఒక్క పల్చటి పూతతో సరిపెట్టాలి అన్నవన్నీ ఒక మనిషి ఆలోచించి చేసినవి. ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా మన చేత్తో మళ్లీ చేసి చూడటమే కాపీ. కాబట్టి ఏ బొమ్మ ఎంచుకున్నామన్నది చాలా పెద్ద విషయం.

ఏ బొమ్మ

అందరికీ మొదట గుర్తొచ్చేవి లియొనార్డో మోనాలిసా, వర్మీర్ ముత్యపు చెవిపోగు అమ్మాయి. కొత్తవాళ్లకు రెండూ వద్దు. రెండింట్లోనూ చర్మం మీద కుంచె జాడ దాదాపు కనపడదు, ఏ పూత తర్వాత ఏది పడిందో చూసి పట్టుకోలేరు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. వరంగల్‌లోనో, జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో ఉండి రేపు మీరు వేయబోయేది చామనఛాయ మొహాలు. తెల్లతోలు బొమ్మల మీద చేయి తిరిగినవాళ్లు మన మనుషులను వేసేటప్పుడు అదే గులాబీ మిశ్రమానికి ఇంత బ్రౌన్ కలుపుతారు. ఫలితం ఇటుకపొడి రంగులో వస్తుంది.

అందుకని మా సిఫారసు స్పెయిన్ చిత్రకారుడు డియేగో వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా పోర్ట్రెయిట్. పరేహా వెలాస్కెజ్ దగ్గర బానిసగా ఉండి వర్క్‌షాప్‌లో పనిచేసినవాడు. ఆ ఏడాది చివర్లోనే అతనికి విముక్తి పత్రం రాసిచ్చారు. తర్వాత తానూ చిత్రకారుడయ్యాడు, అతను 1661లో వేసిన పెద్ద బొమ్మ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. ఈ పోర్ట్రెయిట్ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గోధుమవన్నె చర్మం, గుబురు జుట్టు, గడ్డం, మెడ చుట్టూ వెడల్పాటి తెల్ల లేసు కాలర్, వెనక ఆకుపచ్చ ఛాయ కలిసిన బూడిదరంగు. బొమ్మ అంతా కలిపి చూస్తే మట్టి రంగులే ఎక్కువ. కుంచె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చాలాచోట్ల కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి అది వరం.

మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న కాపీరైట్ లేని బొమ్మల ఫోటోలను ఉచితంగా ఇస్తోంది. వాళ్ల వెబ్‌సైట్ నుంచే పెద్ద ఫైల్ దింపుకోండి. గూగుల్ ఇమేజెస్‌లో దొరికేవాటిని నమ్మకండి, ఒక్కోదానిలో ఒక్కో రంగు, కొన్నిట్లో మొహం నారింజ, కొన్నిట్లో వెనక గోడ నీలం.

ప్రింటు, కొలత

మొత్తం బొమ్మ 81.3 సెంటీమీటర్ల ఎత్తు, 69.9 సెంటీమీటర్ల వెడల్పు. మొదటిసారికి మొత్తం వద్దు. తల, కాలర్, భుజాల పైభాగం చాలు, అది 16×20 అంగుళాల కాన్వాస్‌లో అసలు సైజులోనే పడుతుంది. లెక్క తేలిక. ఫైల్ ఎత్తు ఎన్ని పిక్సెళ్లో చూసి 81.3తో భాగించండి. 4000 పిక్సెళ్లుంటే సెంటీమీటరుకు 49 చొప్పున వస్తుంది. అంటే 1990 పిక్సెళ్ల వెడల్పు, 2490 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ముక్క కత్తిరిస్తే సుమారుగా మీ 16×20 వచ్చినట్టే. ఆ ముక్కను ఫోటో ల్యాబ్‌లో మ్యాట్ పేపర్ మీద 16×20 ప్రింటు తీయించండి. గ్లాసీ వద్దు, బల్బు వెలుగు దానిమీద పడి కళ్లలో కొడుతుంది. ఫ్లెక్స్ షాపులో చవగ్గా వేస్తారు గానీ దగ్గర్నుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నీడలన్నీ ఒకే నల్లముద్ద అవుతాయి.

ల్యాబ్‌లో "ఎన్‌హాన్స్ చేయొద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి" అని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే అలవాటు ప్రకారం పెళ్లి ఫోటోలాగా మొహం తెల్లబరుస్తారు. ఈ బొమ్మకు అంతకన్నా అన్యాయం లేదు.

గీతకూ కొలతకూ ప్రింటు వాడండి. రంగు సందేహం వచ్చినప్పుడు ట్యాబ్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చూడండి. కంటికి హాయిగా ఉండాలని పెట్టే పసుపు మోడ్, ఆటో బ్రైట్‌నెస్ రెండూ ఆపేసి చూడాలి.

వీలైతే మొదలుపెట్టే ముందు ఒకసారి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ పెయింటింగుల గ్యాలరీకి వెళ్లిరండి. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు. ఇటలీ చిత్రకారులు హాయెజ్ వేసిన సబ్బు బుడగల బొమ్మ దగ్గర, కనలెట్టో బొమ్మ దగ్గర పక్కనుంచి వంగి చూడండి. వెలుగు ఉన్నచోట రంగు ఉబ్బెత్తుగా, నీడలో పల్చగా ఉందా లేదా అన్నది ఏ ప్రింటూ చూపించదు.

సామాను

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, వర్మిలియన్ హ్యూ లేదా కాడ్మియం రెడ్ లైట్, బర్న్‌ట్ సియెనా, బర్న్‌ట్ అంబర్, పర్మనెంట్ అలిజరిన్, ఐవరీ బ్లాక్. నీలం అక్కర్లేదు, మట్టి రంగుల పక్కన పెడితే నలుపు తెలుపు కలిసిన బూడిదే నీలంగా కనిపిస్తుంది. నలుపులో ఓకర్ కలిపితే పాచి ఆకుపచ్చ వస్తుంది, వెనక గోడకు అదే ఆధారం. వైట్ పెద్ద ట్యూబు, మిగతావి 20 మిల్లీలీటర్లవి తీసుకోండి. "ఫ్లెష్ టింట్" అని అమ్మే ట్యూబు ముట్టుకోవద్దు. ఆ ఫ్లెష్ మనది కాదు.

వెలాస్కెజ్ కాలంలో వాడిన తెలుపు సీసపు తెలుపు. విషం కాబట్టి దాని జోలికి పోవద్దు. కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. టైటానియం చాలా బలమైనది, చల్లనిది. మీరు అనుకున్నదాంట్లో సగమే వేయండి, ముందే దాన్లో చిటికెడు ఓకర్ కలిపి ఉంచుకోండి.

బ్రష్‌లు ఫిల్బర్ట్ ఆకారంలో (బల్లపరుపుగా, కొస గుండ్రంగా ఉండేవి) హాగ్ హెయిర్‌వి, అంటే పంది వెంట్రుకలవి, 4, 6, 8, 10 నంబర్లు, ఒక్కోటి రెండేసి. ఒకటి వెలుగుకు, ఒకటి నీడకు. కళ్ల దగ్గరికి 2 నంబరు సింథటిక్ రౌండ్ ఒకటి. ఫ్యాన్ బ్రష్ కొనొద్దు, ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. అది చేతిలో ఉంటే ప్రతి అంచునూ తుడవబుద్ధవుతుంది. ప్యాలెట్ నైఫ్ ఒకటి, పాత నూలు పంచె ముక్కలు, మూతలున్న రెండు గాజు సీసాలు. ప్యాలెట్‌కు గాజు పలక తెచ్చి అంచులు అరగదీయించి, కింద బూడిదరంగు కాగితం అంటించండి.

నూనె దగ్గర చాలామంది పొరబడతారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ (అవిసె నూనె) తలుపులకు, కిటికీలకు. అందులో ఆరబెట్టే మందులు కలిసి ఉంటాయి, తొందరగా పచ్చబడి నల్లబడుతుంది. బొమ్మకు ఆర్టిస్టులకని అమ్మే రిఫైన్డ్ లిన్‌సీడ్ ఆయిలే కావాలి. వంటింటి కుసుమ నూనె కూడా పనికిరాదు, బొమ్మ నెలల తరబడి జిగటగానే ఉండిపోవచ్చు. రంగులో కలపడానికి ఆర్టిస్ట్ టర్పెంటైన్ తీసుకోండి. హార్డ్‌వేర్ షాపు మినరల్ టర్పెంటైన్‌ను బ్రష్‌లు కడగడానికే వాడండి. లక్క రంగులు పల్చబరచడానికి వాడే ఎన్‌సీ థిన్నర్ ఇంట్లోకే రానివ్వొద్దు, కింది పూతను కరిగించేస్తుంది, ఆవిరి ప్రమాదం.

పిల్లలున్న ఇంట్లో తప్పనిసరిగా పాటించాల్సినది ఇంకొకటుంది. లిన్‌సీడ్ నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఉన్న వేడికి బయటికి దారి ఉండదు. మే నెల ఎండల్లో ఇది మరీ ప్రమాదం. ఆరుబయట తీగ మీద విడివిడిగా పరచండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.

కాన్వాస్

కొన్న కాన్వాస్ మీద ఉండే తెల్ల పూత చాలావాటికి పల్చగా ఉంటుంది. నేరుగా వేస్తే నూనెను లాగేసుకుని రంగు సున్నం గోడలాగా వెలవెలబోతుంది. రంగుకు ముందు కాన్వాస్‌కు పూసే తెల్ల అస్తరు, యాక్రిలిక్ జెసో, ఇంకో రెండు పూతలు వేయండి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. మొదటి పూత ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాలి. రెండోది వేశాక కనీసం రెండు రోజులు ఆగండి.

చేర్యాల నకాషీ పద్ధతి తెలిసినవాళ్లు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి దానిమీద ఆయిల్ వేద్దామనుకోవచ్చు. ఆ పూత నీళ్ల రంగులకు తగినది. నూనె దాన్లోంచి దిగి గుడ్డను తాకితే కొన్నేళ్లలో గుడ్డ పెళుసెక్కుతుంది. నిర్మల్ పనివాళ్లలా పలక మీద వేసే అలవాటుంటే 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక బాగా పనిచేస్తుంది. వెనకవైపు కూడా జెసో పూయాలి, లేకపోతే వానాకాలంలో వంగుతుంది.

తెల్ల కాన్వాస్ మీద మొహం వేయొద్దు. తెలుపు పక్కన ప్రతి రంగూ ముదురుగా కనపడుతుంది, భయపడి అన్నిటినీ లేతగా వేస్తారు. చామనఛాయ మొహం విషయంలో ఇది మొదటి దెబ్బ. బర్న్‌ట్ అంబర్, కొంచెం నలుపు టర్పెంటైన్‌లో టీ డికాషన్ అంత పల్చగా కలిపి కాన్వాస్ అంతా పూసి గుడ్డతో తుడవండి. నడిమి రకం బూడిద గోధుమరంగు మిగలాలి. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది, ఎండాకాలమైతే మర్నాటికే.

వెలుగు ఎటునుంచి

పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ మంచిదంటాయి. అది యూరప్ మాట. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీలోంచి కూడా ఎండ వస్తుంది. కిటికీకి తెల్ల మల్లు గుడ్డ ఒక పొర కట్టండి, వెలుగు నిలకడగా ఉంటుంది.

రాత్రి వేసేవాళ్లు బల్బు డబ్బా మీద రెండు అంకెలు చూడాలి: వెలుగు రంగు చెప్పే అంకె 5000 కెల్విన్ చుట్టుపక్కల ఉండాలి, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే సీఆర్‌ఐ 90కి పైన ఉండాలి. షాపువాళ్లు డేలైట్ అని ఇచ్చేవి మామూలుగా 6500 కెల్విన్, నీలి వెలుగు. దాని కింద బొమ్మ చల్లగా కనపడి మీరు ఎరుపు, ఓకర్ ఎక్కువ కలుపుతారు. పొద్దున చూస్తే పరేహాకు కామెర్లు వచ్చినట్టుంటుంది. ప్రింటు మీద, కాన్వాస్ మీద, ప్యాలెట్ మీద ఒకే వెలుగు పడాలి.

గీత

గళ్లు గీసి ఎక్కించడం తప్పేమీ కాదు, సైన్‌బోర్డు ఆర్టిస్టులందరికీ వచ్చిన విద్యే. కాకపోతే గళ్లు చేతికి పని చెబుతాయి, కంటికి చెప్పవు. ప్రింటు, కాన్వాస్ ఒకే సైజులో ఉన్నాయి కాబట్టి కంటికి పని పెట్టే దారి ఒకటుంది. రెండింటినీ ఒకే ఎత్తులో, నిటారుగా, పక్కపక్కన నిలబెట్టండి. రెండు మీటర్లు వెనక్కి వచ్చి నేల మీద పాదాల దగ్గర టేపు అంటించండి. చూడటం ఎప్పుడూ ఆ టేపు మీద నుంచే, గీయడానికే ముందుకు వెళ్లాలి. కూర్చుని వేస్తే ఇది కుదరదు.

మేస్త్రీలు వాడే తూకం దారం లాంటిది ఒకటి చేసుకోండి, నల్ల దారానికి నట్టు కడితే చాలు. దాన్ని చేత్తో వేలాడదీసి ప్రింటులో కంటి లోపలి మూల కింద ముక్కుపుటం ఎక్కడుంది, పెదవి మూల ఎక్కడుంది చూడండి. అదే కాన్వాస్ మీద పడిందా చూడండి. దారాన్ని అడ్డంగా చాచి పట్టుకుని తల పైభాగం, కనుబొమలు, ముక్కు అడుగు, గడ్డం చివర, కాలర్ అంచు ఎత్తులు కొలవండి.

కళ్లు మొదట గీయొద్దు. తల మొత్తం ఎంత చోటు తీసుకుందో నాలుగైదు తిన్నని గీతల్లో పట్టుకోండి, వంపులు తర్వాత. ఆపైన నీడ, వెలుగు విడిపోయే సరిహద్దు గీయండి, అది ఒక దేశపటం గీసినంత స్పష్టంగా ఉండాలి. కళ్లు, ముక్కు, నోరు ఆ పటం లోపల పడతాయి. పల్చటి అంబర్‌తో 4 నంబరు బ్రష్ వాడితే తప్పులను గుడ్డతో తుడిచేయొచ్చు. బొగ్గుతో గీస్తే రంగు వేసేముందు గుడ్డతో దులపండి, లేకపోతే ఆ మసి లేత రంగుల్లో కలుస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు అందరిదీ ఒకటే. పరేహా మొహం పూర్తిగా ఎదురుగా లేదు, కాస్త పక్కకు తిరిగి ఉంది. మనకు తెలిసిన మొహం మాత్రం ఎదురు మొహం. చేయి తెలియకుండానే అవతలి కన్నును ఇవతలి కన్నంత వెడల్పు చేస్తుంది, ముక్కును నడిమికి లాగుతుంది. చేర్యాల పటాల్లోనో, క్యాలెండర్ బొమ్మల్లోనో చేయి తిరిగినవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ గీత బొమ్మను నిలబెడుతుంది. ఇక్కడ చివరికి ఒక్క గీత కూడా మిగలకూడదు. గీత బాగా కుదిరిందని దాన్ని కాపాడుతూ లోపల రంగు నింపితే మొహం కత్తిరించి అంటించినట్టు ఉంటుంది.

అయ్యాక అద్దంలో చూడండి. తర్వాత ప్రింటునూ కాన్వాస్‌నూ తలకిందులు చేసి చూడండి. ఈ దశకు రెండు పూటలు పట్టినా నష్టం లేదు. ఇక్కడ అర సెంటీమీటరు తప్పితే తర్వాత ఎంత మంచి రంగు వేసినా పోలిక రాదు.

రంగు లేని పూత

ఇప్పుడు అంబర్, నలుపు, తెలుపు మాత్రమే. రంగు సంగతి మరిచిపోయి ఎక్కడ ఎంత ముదురు, ఎంత లేత అన్నదొక్కటే తేల్చుకోవాలి. ముందు ఒక అట్టముక్క మీద తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్ల పట్టీ వేసి ఆరబెట్టుకోండి. దాన్ని ప్రింటు మీద పెట్టి నుదురు ఏ మెట్టు, చెంప ఏ మెట్టు, కాలర్ ఏ మెట్టు చూడండి. చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం. వెలుగు బాగా పడిన నుదురు కూడా తెలుపుకు దగ్గర్లో ఉండదు, నడిమి మెట్ల దగ్గరే ఆగుతుంది. తెలుపుకు దగ్గరగా వెళ్లేది కాలర్. ఆ దూరం పోనివ్వకుండా కాపాడితే చర్మం తనంతట తాను గోధుమవన్నెలో మెరుస్తుంది. నుదుటిని కాలర్ వైపు లాగితే మొహం బూడిద పూసినట్టు అయిపోతుంది.

కళ్లు చికిలించి చూడటం నేర్చుకోండి. చికిలిస్తే చిన్న చిన్న వివరాలు పోయి నీడ ఒకే ముద్దగా కనపడుతుంది, ఆ ముద్దనే వేయాలి. జుట్టు, గడ్డం, మొహం నీడ భాగం కలిసిపోయేచోట విడగొట్టొద్దు. లేత భాగాలను వేయడానికి తెలుపు వాడేకన్నా ముందు గుడ్డతో తుడిచి కింది రంగు తేలనివ్వండి, సరిపోనిచోటే తెలుపు కలపండి. ఫోన్‌లో బొమ్మనూ ప్రింటునూ పక్కపక్కన పెట్టి నలుపు తెలుపులో ఫోటో తీస్తే ఎక్కడ తప్పామో వెంటనే తెలుస్తుంది.

ఈ పూతలో టర్పెంటైన్ తప్ప నూనె వద్దు. ఎండాకాలం మూడు నాలుగు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది. ముసురు పట్టిన ఆగస్టులో వారం, పది రోజులు కూడా పడుతుంది. ఆయిల్ రంగు నీళ్లలాగా ఎగిరిపోయి ఆరదు, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. తొందరగా ఆరాలని ఎండలో పెట్టొద్దు, పైన తోలు కట్టి లోపల తడి ఉండిపోతుంది. కూలర్ ఎదురుగా పెట్టినా లాభం లేదు, తేమ గాలికి ఇంకా ఆలస్యం, పైగా దుమ్ము. మొహాన్ని గోడవైపు కాస్త వంచి పెడితే దుమ్ము తక్కువ పడుతుంది.

రంగు కలపడం

బ్రష్ పట్టకముందే మిశ్రమాలన్నీ నైఫ్‌తో కలిపి ముద్దలుగా పెట్టుకోవాలి. వేస్తూ కలుపుతూ పోతే నాలుగో నిమిషానికి అన్నీ ఒకే బురద. కింద చెప్పిన పాళ్లు మొదలుపెట్టడానికి మాత్రమే, కంపెనీని బట్టి రంగుల బలం మారుతుంది.

వెలుగు పడిన చర్మానికి ఓకర్ మూడు పాళ్లు, తెలుపు రెండు, వర్మిలియన్ ఒకటి, అంబర్ కొద్దిగా. వెలుగు తగ్గుతూ వచ్చే నడిమి భాగానికి బర్న్‌ట్ సియెనా రెండు, ఓకర్ రెండు, తెలుపు అర పాలు, నలుపు చిటికెడు. వెలుగు నీడలోకి తిరిగే మలుపు దగ్గర ఓకర్, నలుపు, కొంచెం తెలుపు కలిసిన ఆకుపచ్చ బూడిదను నడిమి మిశ్రమంలోకి తీసుకోండి. నీడకు అంబర్ మూడు, అలిజరిన్ ఒకటి, నలుపు అర, తెలుపు సున్నా. నుదుటి మీద, ముక్కు మీద మెరుపుకు తెలుపు నాలుగు, ఓకర్ ఒకటి, నలుపు సూదిమొనంత.

ఆ మలుపు దగ్గరి ఆకుపచ్చ బూడిద మీద ఇంకో మాట. చామనఛాయ చర్మానికి ప్రాణం అక్కడే ఉంది. చాలామంది వెలుగు రంగులో అంబర్ కలుపుతూ పోయి నీడ చేస్తారు. అప్పుడు మొహం మొత్తం ఒకే వేడి రంగు, మట్టిబొమ్మ తయారవుతుంది. మెరుపు చల్లగా, వెలుగు వెచ్చగా, మలుపు చల్లగా, నీడ మళ్లీ వెచ్చగా ఉండాలి. ఈ వరస పట్టుబడితే మీ తాత మొహం వేసినా, కూరగాయల మార్కెట్‌లో కూర్చున్న అమ్మను వేసినా పనికొస్తుంది.

రంగు కుదిరిందా అని చూడటానికి ప్రింటు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరవండి. నైఫ్ అంచుతో మిశ్రమం చుక్క ఆ షీటు మీద, సరిగ్గా ఆ భాగం పైన పెట్టండి. దూరం నుంచి చుక్క కనపడకుండా కలిసిపోతే సరిపోయినట్టు. ముదురుగా ఉందా, లేతగా ఉందా ముందు సరిచేయండి. ఎరుపా, పసుపా అన్నది తర్వాత.

రంగు వేయడం

వెనక గోడ, జుట్టు ఒకేసారి మొదలుపెట్టండి. రెండూ తడిగా ఉన్నప్పుడే వాటి మధ్య అంచును పొడి బ్రష్‌తో ఒక్కసారి తాకితే జుట్టు గోడలోకి కరుగుతుంది. గోడ ఆరాక జుట్టు వేస్తే విగ్గు పెట్టినట్టుంటుంది. తర్వాత నీడ భాగం పల్చగా, ఆపైన నడిమి భాగం, తర్వాత వెలుగు, చిట్టచివర మెరుపు. నీడ నుంచి వెలుగుకు వెళ్లేకొద్దీ రంగు మందం పెరగాలి.

ఒక్కో స్ట్రోక్ మొహం తిరిగిన దిక్కులో పడాలి, నుదుటి మీద ఒక దిక్కు, చెంప మీద ఇంకో దిక్కు. పెట్టాక వదిలేయండి. రెండు రంగుల సరిహద్దు గట్టిగా కనపడుతుంటే రెండింటినీ కలిపి రుద్దకుండా, మధ్య రంగు కలిపి ఆ సరిహద్దు మీద మూడో స్ట్రోక్ పెట్టండి. నాలుగుసార్లకు మించి రుద్దిన చోటు దాదాపు ఎప్పుడూ బురదే. బురదైందనిపిస్తే పైన ఇంకో పూత వేసి కప్పకండి. నైఫ్‌తో గీకేసి, గుడ్డతో తుడిచి మళ్లీ వేయండి.

కనుగుడ్డు తెల్లగా ఉండదు. చర్మం వెలుగు రంగులో నలుపు కలిపిన బూడిద సరిపోతుంది. అది గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి రెండు మూలలా ఇంకా ముదురు. పై రెప్ప నీడ కనుపాప మీద పడాలి, లేకపోతే ఉలిక్కిపడ్డ చూపు వస్తుంది. మీసం, గడ్డం వెంట్రుక వెంట్రుకగా గీయొద్దు. చర్మం తడిగా ఉండగానే దాని మీద ముదురు ముద్ద పెట్టి అంచులు లాగండి.

కాలర్‌ది వేరే ఆనందం. లేసు డిజైన్ లెక్కపెట్టి గీద్దామని కూర్చుంటే బొమ్మ చచ్చిపోతుంది. మొత్తం కాలర్‌ను ముందు నడిమి బూడిదతో వేయండి. అది కాస్త బిగుసుకున్నాక, 6 నంబరు బ్రష్ నిండా నూనె కలపని తెలుపు తీసుకుని వెలుగు తగిలిన చోట మాత్రమే ఒక్కో తాకుడు పెట్టండి. దగ్గర్నుంచి చూస్తే చుక్కలు, గీతలు. టేపు మీద నిలబడి చూస్తే లేసు. వెలాస్కెజ్ చేసింది అదే.

రెండో పూత, ఆరడం, వార్నిష్

వారం, పది రోజులకు రంగు ఆరాక కొన్నిచోట్ల, ముఖ్యంగా అంబర్, నలుపు ఉన్నచోట్ల, మెరుపు పోయి వెలిసినట్టు కనపడుతుంది. నూనెను కింది పూత లాగేసుకుంది. అక్కడ ముదురురంగు కలిపి సరిచేద్దామనుకోవద్దు, అసలు రంగు ఏదో తెలియకుండా పోతుంది. చుక్క లిన్‌సీడ్ వేలితో రుద్ది, వెంటనే గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. రంగు తిరిగొస్తుంది, అప్పుడు దిద్దుబాటు మొదలుపెట్టండి.

ఈ పూతలో టర్పెంటైన్ రెండు పాళ్లకు నూనె ఒక పాలు. ఇంకో పూత వేయాల్సి వస్తే సమపాళ్లు. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే పైది ముందు గట్టిపడి, కింది పూత ఇంకా కదులుతున్నప్పుడు పగులుతుంది. ఆయిల్ మీద యాక్రిలిక్ ఎప్పుడూ వేయొద్దు.

ప్రతి పూట చివర బ్రష్‌లు కడగాలి. ముందు గుడ్డతో రంగంతా లాగండి, తర్వాత మినరల్ టర్పెంటైన్, ఆ తర్వాత బట్టల సబ్బు, నురగ తెల్లగా వచ్చేదాకా. సీసాను కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైనది వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు. అడుగు బురద సింక్‌లో పోయొద్దు.

వార్నిష్‌కు తొందర వద్దు. పల్చటి పూతలైనా ఆరు నెలలు, కాలర్ లాంటి మందపాటి చోట్లుంటే ఏడాది. ఈలోపు బొమ్మను చీకటి గదిలోనో, బీరువా వెనకో పెడితే లిన్‌సీడ్ పచ్చబడుతుంది, వెలుగున్న గదిలో గోడకు పెట్టండి.

కాన్వాస్ వెనక మీ పేరు, తేదీ, "వెలాస్కెజ్ బొమ్మకు కాపీ" అని రాయండి. ముందువైపు అతని సంతకం లాంటిదేమీ పెట్టొద్దు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో కాపీ చేసేవాళ్లకు ఒక నియమం ఉంది: కాపీ అసలు బొమ్మ కన్నా కనీసం ఐదో వంతు పెద్దదిగానో చిన్నదిగానో ఉండాలి. మనం మ్యూజియంలో వేయడం లేదు, పైగా ఒక ముక్కే వేస్తున్నాం, అయినా వెనక రాసిపెట్టడం మంచిది.

కాపీ గోడకెక్కాక అదే తల ఇంకో చిన్న కాన్వాస్ మీద, 10×12 అంగుళాలు, ఒకే కూర్చోవడంలో మళ్లీ వేయండి. రెండు గంటలకు అలారం పెట్టుకోండి. 8, 10 నంబర్ల బ్రష్‌లే వాడాలి. ఈసారి ఏది వదిలేశారో రాసుకోండి. ఆ తర్వాత ఇంట్లో ఒకరిని కిటికీ పక్కన, వెలుగు ఒకవైపు నుంచే పడేలా కూర్చోబెట్టండి. అవతలివైపు గోడ సున్నం తెల్లగా ఉంటే నీడంతా చెదిరిపోతుంది, ముదురు దుప్పటి ఒకటి కట్టండి. అదే ఏడు రంగులు, అవే ఐదు మిశ్రమాలు. ఇరవై ఐదు నిమిషాలకొకసారి ఐదు నిమిషాల విరామం ఇవ్వండి. లేచేముందు కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసుకోండి.